అక్టోబర్‌లోనే మంచు పడింది, ఈ స్కీ సీజన్ మీద ఆశ పెట్టుకోవచ్చా?

తొలిమంచు:

రాత్రి నుంచి రిసార్ట్ వెబ్‌క్యామ్ తెరిచి పెట్టుకుని కూర్చున్నాను, వేరే పని ఏదీ సాగడం లేదు. అక్టోబర్ మొదటి వారం కూడా పూర్తవలేదు, కింద లోయలో చెట్లు ఇంకా పసుపు రంగులోనే ఉన్నాయి, పై లిఫ్ట్ దగ్గర మాత్రం పొద్దున్నకల్లా పది పన్నెండు సెంటీమీటర్ల మంచు. లిఫ్ట్ కుర్చీల మీద కూడా పేరుకుంది. నేను పోయిన చలికాలమే స్కీయింగ్ నేర్చుకున్నాను. బ్లూ రన్‌లు (అంత కష్టం కాని వాలులు) పెద్దగా పడకుండా దిగేస్తాను, బ్లాక్ రన్ (బాగా కష్టమైన వాలు) పైన నిలబడితే ఇంకా కాళ్లు వణుకుతాయి. అంటే వచ్చింది తక్కువే గానీ పిచ్చి మాత్రం బాగా పట్టింది.

ఇంత ముందుగా మంచు పడితే ఆ ఏడాది చలికాలం గట్టిగా ఉంటుందని మా గ్రూపులో ఒకరు చాలా నమ్మకంగా చెబుతున్నారు, అందులో నిజం ఎంత? ఇప్పుడు పడింది కరగకుండా ఉండిపోయి సీజన్‌కి బేస్ (అడుగు పొర) అవుతుందా? ఇంకో ఫ్రెండ్ ఏమో ఈ శనివారం లిఫ్టులు లేకపోయినా సరే, స్కీల అడుగున స్కిన్స్ (వెనక్కి జారకుండా పట్టే పట్టీలు) అంటించుకుని నడుచుకుంటూ పైకెక్కి ఒక్కసారి దిగి వద్దాం అంటున్నాడు. వాడికి అది అలవాటే, నాకు కాదు. సీజన్ పాస్ కూడా ఇంకా తీసుకోలేదు, ఈ మంచు చూశాక చెయ్యి ఆగడం లేదు. నేను తొందరపడుతున్నానా, లేక తొందరపడాల్సిన టైమేనా?

కొండదారి:

అక్టోబర్ మంచు చూస్తే నాకూ నిద్ర పట్టదు, కాకపోతే మీ కారణం వేరు, నా కారణం వేరు. చాలా ఏళ్లుగా స్కీ పెట్రోల్‌లో, అంటే రిసార్ట్ వాలుల భద్రత చూసే బృందంలో ఉన్నాను. ఈ మొదటి మంచు అంటే మాకు సంతోషం సగం, చిరాకు సగం.

బేస్ అవుతుందా అని అడిగారు కదా. పది సెంటీమీటర్ల తాజా మంచుని కరిగిస్తే వచ్చే నీళ్లు సుమారు ఒక సెంటీమీటరు, బాగా పొడి మంచు అయితే అంత కూడా రాదు. నేల ఇంకా వేసవి వేడిని వదల్లేదు. పైనుంచి ఎండ, కింది నుంచి నేల, రెండూ కలిసి దాన్ని తినేస్తాయి. ఉత్తరార్ధగోళంలో అయితే దక్షిణం వైపు తిరిగిన వాలుల మీద రెండు మూడు రోజుల్లో మళ్లీ గడ్డి కనబడుతుంది. అలా పోయిన మంచుతో ఎవరికీ ఇబ్బంది లేదు.

తలనొప్పంతా కరగకుండా మిగిలిపోయిన దానితోనే. బాగా ఎత్తులో, ఉత్తరం వైపు, నీడలో ఉన్న వాలుల మీద ఆ పల్చటి పొర అలాగే ఉండిపోతుంది. తర్వాత రెండు మూడు వారాలు ఆకాశం తేటగా ఉండి రాత్రులు గడ్డకట్టించేంత చల్లగా ఉన్నాయనుకోండి. నేలని ఆనుకున్న చోట సున్నా డిగ్రీలు, గాలి తగిలే పైభాగంలో మైనస్ పదిహేను, మధ్యలో ఉన్నది జానెడు మంచు. అంత తక్కువ మందంలో అంత తేడా ఉంటే కింది తేమ ఆవిరిగా పైకి పోతూ మంచు పలుకుల ఆకారాన్నే మార్చేస్తుంది. పది సెంటీమీటర్ల మందానికి ఒక డిగ్రీ కంటే ఎక్కువ తేడా ఉంటే ఈ మార్పు మొదలైనట్టే అని మేం లెక్కేసుకుంటాం. నవంబర్‌లో అలాంటి చోట చిన్న గుంట తవ్వి అడుగు నుంచి గుప్పెడు తీసి నొక్కి చూడండి, ముద్ద కట్టదు, గ్లవ్ వేళ్ల సందుల్లోంచి పంచదారలా జారిపోతుంది. భూతద్దం కింద పెడితే ఒక్కో పలుకు కొన్ని మిల్లీమీటర్లు ఉంటుంది, దాని ఒంటి మీద మెట్లు మెట్లుగా గీతలు, కొన్ని లోపల బోలుగా గిన్నెల్లా ఉంటాయి. దీన్నే డెప్త్ హోర్ అంటారు.

ఒక పలుకుకీ ఇంకో పలుకుకీ పట్టు ఉండదు. డిసెంబర్‌లో పెద్ద తుఫాను వచ్చి దీని మీద మీటరు మందాన మంచు కూర్చుందంటే ఆ బరువంతా ఈ కుళ్లిన అడుగు మీద ఆగి ఉన్నట్టు. ఎవరో ఒకరు మీద నుంచి వెళ్లగానే పలకకి పలక కింది దాకా తెగి జారుతుంది. కొలరాడో లాంటి పొడి చలి ప్రాంతాల్లో నడి చలికాలంలో వచ్చే పెద్ద అవలాంచ్‌లలో (కొండ మీది మంచు తెగి జారిపడటం) చాలావాటికి మూలం ఇలా ముందే పడి మిగిలిపోయిన మంచే. అక్కడ ఆస్పెన్ హైలాండ్స్‌లో హైలాండ్ బౌల్ అని నిటారు వాలు ఒకటుంది. సీజన్ మొదట్లో మనుషులు వరసగా బూట్లతో తొక్కుకుంటూ దాన్ని ఎక్కి దిగుతారు, ఆ పనికి వచ్చినవాళ్లకి పాస్ ఇస్తారు. ఆ తొక్కుడంతా అడుగునున్న ఈ పొరని నలిపి పైదానితో కలిపేయడానికే.

కాబట్టి నన్నడిగితే అక్టోబర్‌లో ఇలా కొంచెం పడి ఆగిపోవడం కంటే నవంబర్ మధ్య దాకా ఏమీ పడకుండా ఉండి ఆ తర్వాత ఒక్కసారిగా కురిస్తేనే మంచిది. శనివారం సంగతి మళ్లీ రాస్తాను, దాని మీద చెప్పాల్సింది చాలా ఉంది.

మబ్బులెక్క:

మీ గ్రూపులో అంత నమ్మకంగా చెప్పిన మనిషిని నవంబర్ వర్షం పడ్డప్పుడు మళ్లీ ఒకసారి అడగండి 🙂

అక్టోబర్‌లో మంచు పడటానికి జెట్ స్ట్రీమ్ (బాగా ఎత్తులో వేగంగా వీచే గాలి ప్రవాహం) ఒకసారి కిందికి వంగి చల్లగాలిని తెచ్చి పడేస్తే చాలు. రెండు రోజుల వ్యవహారం అది. వారం తర్వాత అదే చోట చొక్కా చేతులు మడుచుకుని తిరిగేంత ఎండ కాయొచ్చు. ఒక తుఫానుకీ తర్వాత నాలుగైదు నెలల సగటుకీ ముడి పెట్టడం కుదరదు.

శాస్త్రవేత్తలు కూడా అక్టోబర్ మంచు వైపు చూశారు, కాకపోతే వాళ్లు చూసింది మన కొండ మీద పడిన దాన్ని కాదు, సైబీరియాని. అక్కడ అక్టోబర్‌లో మంచు ఎంత వేగంగా పరుచుకుంటే ధ్రువ ప్రాంతపు చల్లగాలి ఆ చలికాలంలో అంత ఎక్కువగా కిందికి దిగుతుందని జుడా కోహెన్ అనే వాతావరణ శాస్త్రవేత్త చాలాకాలంగా చెబుతున్నారు. దాని మీద వాదనలు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. ఎల్ నినో, లా నినాల వల్ల మాత్రం కొంత మొగ్గు తెలుస్తుంది. లా నినా ఏడాదుల్లో అమెరికా వాయవ్య కొండల్లో, బ్రిటిష్ కొలంబియాలో సగటు మీద మంచు ఎక్కువ, నైరుతి వైపు తక్కువ. అదైనా సగటే. మీరు సెలవు పెట్టుకున్న వారంలో ఏం జరుగుతుందో అది చెప్పదు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. రిసార్ట్ ఎంత తొందరగా తెరుస్తారన్నది పడిన మంచు కంటే చేసే మంచు మీద ఎక్కువ ఆధారపడుతుంది. మంచు తుపాకులు నడవాలంటే వెట్ బల్బ్ ఉష్ణోగ్రత, అంటే గాలిలో తేమని కూడా కలిపి చూసే లెక్క, సుమారు మైనస్ రెండుకి దిగాలి. గాలి బాగా పొడిగా ఉంటే థర్మామీటర్ సున్నాకి ఒకటి రెండు డిగ్రీలు పైన చూపించినా మంచు చేసేయొచ్చు, తేమగా ఉంటే మైనస్ ఒకటి దగ్గర కూడా నీళ్లే పడతాయి. కొలరాడోలో అరాపాహో బేసిన్, కీస్టోన్, లవ్‌ల్యాండ్ ఎవరు ముందు తెరుస్తారా అని ఏటా అక్టోబర్‌లో పోటీ పడతాయి, ఆ పోటీలో గెలిపించేది చల్లటి పొడి రాత్రులే. అందుకే నేను వెబ్‌క్యామ్ కంటే రాత్రి తేమ శాతం ఎక్కువ చూస్తాను. కొంచెం బోర్ హాబీనే, ఒప్పుకుంటాను.

అక్టోబర్ చివర్లో ఆస్ట్రియాలోని సోల్డెన్‌లో వరల్డ్ కప్ రేసులు టీవీలో చూసి మనకి కూడా సీజన్ వచ్చేసిందనుకునేవాళ్లుంటారు. అది రెట్టెన్‌బాఖ్ గ్లేసియర్ మీద జరుగుతుంది, అడుగున ఎలాగూ మంచుగడ్డే. ఫిన్లాండ్‌లో లెవి, రుకా కూడా అక్టోబర్ మొదట్లోనే తెరుస్తారు, అక్కడ పోయిన ఏడాది మంచుని గుట్టలుగా పోసి, వేసవంతా కప్పి దాచి, దాన్నే తీసి పరుస్తారు. వాటిని చూసి మన కొండని అంచనా వేయలేం.

పాతస్కీలు:

అబ్బా, ఏంటండీ ఇద్దరూ కలిసి పాపం ఆయన ఉత్సాహం మీద నీళ్లు చల్లేశారు. అక్టోబర్‌లో మంచు పడితే ఎగిరి గంతేయాలి, లెక్కలు తర్వాత చూసుకోవచ్చు.

నా దగ్గర రాళ్ల స్కీలని ఒక జత ఉంది, అడుగంతా గీతలే, ఎడ్జ్ (అంచున ఉండే ఉక్కు పట్టీ) ఒకచోట వంకర కూడా పోయింది, ఇంక పాడవడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి మొదటి మంచుకి అవే వేసుకుంటాను. రాళ్లు లేని గడ్డి వాలు, తక్కువ ఏటవాలు, చీలమండ దాటిన మంచు ఉంటే నాలుగు టర్నులు తిప్పుకోవచ్చు. కొత్త స్కీలు మాత్రం వద్దు. పల్చటి మంచు కింద దాగున్న రాయి తగిలితే స్కీ అడుగు పొరని చీల్చుకుని లోపలి చెక్క దాకా పోతుంది, ఆ శబ్దం ఒకసారి వింటే కడుపు తరుక్కుపోతుంది.

తొలిమంచు:

అందరికీ థ్యాంక్స్. సైబీరియా దాకా పోతుందనుకోలేదు. అయితే శనివారం వెళ్లొచ్చా వద్దా? మా ఫ్రెండ్ అనేదేంటంటే, అది రిసార్ట్ లోపలి రన్నే కదా, బ్యాక్‌కంట్రీ (రిసార్ట్ బయటి కొండ) కాదు, అవలాంచ్ భయం ఏముంది అని. వాడి దగ్గర బీకన్ (మంచులో పూడినవాళ్లని వెతికే రేడియో పరికరం) ఉంది, నా దగ్గర లేదు.

కొండదారి:

మీ ఫ్రెండ్ మాటలో ఒక పొరపాటు ఉంది, అది చాలామంది చేసేదే. రిసార్ట్ లోపల అవలాంచ్ భయం తక్కువగా ఉండేది మేం పొద్దున్నే లేచి వాలులన్నీ తిరిగి, అవసరమైన చోట బాంబులు పేల్చి, తెరవకూడనివి మూసేస్తాం కాబట్టి. తెరవని కొండ మీద ఆ పని ఎవరూ చేయలేదు. బోర్డు మీద రన్ పేరు రాసి ఉన్నా అక్టోబర్‌లో అది మామూలు కొండే. కాలు విరిగినా స్లెడ్ పట్టుకుని వచ్చేవాళ్లుండరు. చాలాచోట్ల రోజువారీ అవలాంచ్ బులెటిన్ కూడా అప్పటికి మొదలై ఉండదు.

"ఇంత తక్కువ మంచులో ఏమవుతుంది" అనేవాళ్లకి ఒక్కటే చెబుతాను. 2017 అక్టోబర్ 7న మోంటానాలో ఇంప్ పీక్ మీద స్కీయింగ్‌కి వెళ్లినవాళ్లలో ఒకరు అవలాంచ్‌లో చనిపోయారు. క్యాలెండర్‌లో ఇంకా చలికాలం రాలేదు. నేల మీద పల్చగా కనబడినా గాలి ఎత్తుకొచ్చి కొండ మీది ఒక ఇరుకు పల్లంలో పోసిన మంచు నడుము లోతు ఉండొచ్చు, అక్కడ తెగితే చాలు. బీకన్ ఇద్దరి దగ్గరా ఉండాలి, పార, ప్రోబ్ (మంచులోకి గుచ్చి వెతికే పొడవాటి కర్ర) కూడా ఇద్దరి దగ్గరా ఉండాలి. మీ దగ్గర లేకపోతే మిమ్మల్ని వాడు వెతకలేడు, వాడు పూడిపోతే వాడిని మీరు వెతకలేరు. పూడినవాళ్లని మొదటి పది పదిహేను నిమిషాల్లో తీస్తేనే బతికే అవకాశం బాగా ఉంటుంది, అంత టైములో బయటినుంచి ఎవరూ రాలేరు.

ఇంతకంటే నాకు భయం వేసే సంగతి ఇంకోటుంది. ఈ వారాల్లో రాత్రిపూట మంచు యంత్రాలు, స్నోక్యాట్‌లు (మంచుని చదును చేసే పెద్ద బండ్లు) పని చేస్తుంటాయి. నిటారు చోట్ల స్నోక్యాట్‌ని పైన ఒక ఇనుప దిమ్మెకి వించ్ కేబుల్‌తో కట్టి నడుపుతారు. వేలు మందం ఉక్కు తాడు, కిలోమీటరు దాకా సాగుతుంది, చీకట్లో కనబడనే కనబడదు. వదులుగా నేల మీద పడి ఉన్నట్టుంటుంది, మలుపు దగ్గర యంత్రం లాగగానే ఒక్క క్షణంలో బిగుసుకుని మనిషి ఎత్తున గాల్లోకి లేస్తుంది. దానికి తగిలితే ఏమవుతుందో ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. అందుకే చాలా రిసార్టులు ఈ టైములో పైకి నడిచేవాళ్లని అసలు రానివ్వవు. ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో అప్‌హిల్ పాలసీ ఏముందో చూడండి. మూసేశామని ఉంటే ఇక చర్చ లేదు.

పాతస్కీలు గారు చెప్పినట్టు తక్కువ ఏటవాలు, రాళ్లు లేని, పైన వేలాడే వాలు ఏదీ లేని బయలు దొరికితే పగటిపూట వెళ్లి ఆడుకోండి, నాకేం అభ్యంతరం లేదు. నేనూ అదే చేస్తాను.

పాతస్కీలు:

వించ్ కేబుల్ విషయంలో నూటికి నూరుపాళ్లు ఆయన మాటే నా మాట. నేను చెప్పింది గడ్డి బయలు గురించే, మూసిన రిసార్ట్ గురించి కాదు.

వ్యాక్స్‌గది:

శనివారం ఎలాగూ ఖాళీ అయింది కదా, స్కీలు బయటికి తీయండి. స్కీ షాపులో ట్యూనింగ్ పని చేస్తాను, ఏటా ఇదే తంతు చూస్తున్నాను. సెప్టెంబర్ అంతా ఈగలు తోలుకుంటాం, కొండ మీద ఇలా ఒక తెల్లటి పూత పడిన మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి క్యూ. లిఫ్టులు తెరిచే వారానికి స్కీలు ఇచ్చి రేపటికి కావాలంటే ఎవరి వల్లా కాదు.

వెలుతురులో పట్టుకుని చూడండి. బేస్, అంటే స్కీ అడుగు భాగం, నల్లగా నిగనిగలాడుతూ ఉంటే సరే, ఎడ్జ్ పక్కన తెల్లగా బూజు పట్టినట్టు కనబడితే ఎండిపోయిందని అర్థం, వేడి వ్యాక్స్ (మైనం) పెట్టాలి. ఇస్త్రీ పెట్టె వాడకండి దయచేసి, దాని వేడి నిలకడగా ఉండదు. వ్యాక్స్ ఐరన్ నుంచి కూడా పొగ వస్తుంటే వేడి ఎక్కువైనట్టే. ఎడ్జ్ మీద నారింజ రంగు తుప్పు పల్చగా ఉంటే గమ్మీ స్టోన్‌తో (రబ్బరులాంటి రుద్దుడు రాయి) రుద్దితే పోతుంది. పోయిన సీజన్ చివర్లో ఎవరైనా స్టోరేజ్ వ్యాక్స్ మందంగా పూసి ఉంటే దాన్ని గీకి తీసేయాలి, గీకకుండా వేసుకుంటే మంచు మీద అతుక్కుపోయి ముందుకు కదలరు.

బైండింగ్ (బూటుని స్కీకి పట్టి ఉంచే బిగింపు) మాత్రం ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో తిప్పకండి. దాని సెట్టింగ్ మీ బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత దూకుడుగా స్కీ చేస్తారు, వీటన్నిటినీ బట్టి ఉంటుంది. వేసవిలో బరువు మారి ఉంటే (ఎటు మారిందో నేను అడగను) నంబరు కూడా మారాలి. ఎక్కువ బిగిస్తే పడ్డప్పుడు స్కీ ఊడదు, మోకాలు ఊడుతుంది. పాత బైండింగులైతే తయారీదారు సపోర్ట్ లిస్టులో లేవని షాపువాళ్లు ముట్టుకోకపోవచ్చు, వాళ్ల మీద కోప్పడకండి.

బూట్లు ఇప్పుడే తొడుక్కుని టీవీ చూస్తూ ఓ అరగంట కూర్చోండి. నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు గోడకి తగలాలి, మోకాళ్లు ముందుకి వంచితే కాస్త వెనక్కి రావాలి. ఎక్కడైనా ఎముక మీద నొక్కుతుంటే షాపులో షెల్‌ని (బూటు గట్టి పైతొడుగుని) వేడి చేసి ఆ చోట జరుపుతారు. ఈ బాధ మొదటి రోజు లిఫ్ట్ ఎక్కాక తెలిస్తే ఆ రోజు పోయినట్టే. ఇక మీ ఫ్రెండ్‌కి ఒక మాట: బీకన్‌లో పోయిన సీజన్ బ్యాటరీలు అలాగే వదిలేసి ఉంటే అవి కారి లోపలి స్ప్రింగులు తినేసి ఉండొచ్చు, తెరిచి చూడమనండి.

మబ్బులెక్క:

తొడల గురించి ఎవరూ రాయలేదేంటి? దిగేటప్పుడు తొడ కండరం సాగుతూ బరువు ఆపుతుంది, సైకిల్ తొక్కినా పరిగెత్తినా ఆ పని దానికి అంతగా అలవాటు కాదు. గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చున్నట్టు నిలవడం, ఒంటికాలి మీద నెమ్మదిగా దిగే స్క్వాట్‌లు, పక్కలకి గెంతడం, ఇవి ఇప్పుడు మొదలుపెడితే తెరిచే నాటికి తేడా తెలుస్తుంది. మధ్యాహ్నం రెండు దాటాక కాళ్లు సహకరించనప్పుడు పడితేనే దెబ్బలు ఎక్కువ.

తొలిమంచు:

సరే, శనివారం ప్రోగ్రాం క్యాన్సిల్, వాడికి కేబుల్ సంగతి ఫార్వర్డ్ చేశాను, "నిజమా" అని ఒక్క ముక్క వచ్చింది. స్కీలు తీసి చూశాను, మీరన్న తెల్లటి బూజు ఉంది. ఇక మిగిలింది పాస్. ఇంకా, మొదటి రోజే వెళ్లాలని ఉంది, వెళ్లనా?

కొండదారి:

పాస్ సంగతి సులువు. మామూలుగా సీజన్ దగ్గరపడేకొద్దీ పాస్ ధర పెరుగుతుంది, కాబట్టి తీసుకోవాలనుకుంటే తొందరగా తీసుకోవడమే నయం, కానీ ఈ మంచు చూసి తీసుకోకండి. నిజంగా ఎన్ని రోజులు వెళ్లగలరో సెలవులు పక్కన పెట్టుకుని లెక్కేసి, అన్ని రోజుల టికెట్ల కంటే పాస్ తక్కువ పడితే తీసుకోండి. గాయమైతే డబ్బు వెనక్కి ఇస్తారా అన్న నిబంధన కూడా చదవండి.

మొదటి రోజు గురించి చెప్పాలంటే, తెరిచేది ఒకే ఒక్క రన్. రెండు పక్కలా మట్టి, గడ్డి, మధ్యలో యంత్రంతో చేసిన గట్టి మంచు పట్టీ. పొద్దున పదింటికల్లా పై భాగం గీకినట్టై గాజులా మెరుస్తుంటుంది. దాని మీద నిన్నగాక మొన్న నేర్చుకున్నవాళ్లూ, రేసర్లూ, మంచు చూసి ఆరు నెలలైన ఆవేశంలో ఉన్నవాళ్లూ అందరూ ఒకేసారి. ఎఫ్‌ఐఎస్ (అంతర్జాతీయ స్కీ సమాఖ్య) పది నియమాల్లో మూడోది వెనకనుంచి వచ్చేవాడే ముందున్నవాళ్లకి ప్రమాదం లేకుండా దారి చూసుకోవాలంటుంది, ఆ రోజు దాన్ని గుర్తుంచుకునేవాళ్లు తక్కువ. సీజన్ మొత్తంలో ఢీకొట్టుకున్న కేసులతో నేను ఎక్కువ పరిగెత్తేది ఆ మొదటి వారాంతంలోనే.

బ్లూ రన్ స్థాయిలో ఉన్నారు కాబట్టి వెళ్లకూడదని అనను. మొదటి వారాంతం వదిలేసి మామూలు పనిరోజు పొద్దున లిఫ్ట్ తెరవగానే వెళ్లండి, ఓ రెండు గంటలు తిరిగి జనం పెరిగేలోపు దిగిపోండి. ఎడ్జ్‌లు పదునుగా ఉండాలి, మెత్తటి మంచుకి నడిచిపోయే మొండి ఎడ్జ్ ఈ మంచు మీద పట్టదు. ఆగితే పక్కకి వచ్చి, పైనుంచి వచ్చేవాళ్లకి కనబడే చోట ఆగండి.

పాతస్కీలు:

నేను మొదటి రోజే ఉంటాను, ఆ గోల కోసమే వెళ్తాను 😄 మీరు మాత్రం ఆయన మాట వినండి.

తొలిమంచు:

పనిరోజే వెళ్తాను. చివరగా ఒక చిన్న డౌట్, వ్యాక్స్‌గది గారూ: బూట్లు ఇప్పుడే వేసుకుని కూర్చున్నాను, పోయినసారి చలికి రెండు జతల సాక్సులు వేసుకునేవాణ్ని, ఇప్పుడు కూడా రెండేసుకుని చూశాను, పాదం తిమ్మిరెక్కుతోంది. బూట్లు చిన్నవా?

వ్యాక్స్‌గది:

బూట్లు సరిపోయే ఉంటాయి, సాక్సులు ఒక జత తీసేయండి. రెండు వేస్తే రక్తం ఆడక పాదం ఇంకా చల్లబడుతుంది. ఒకటే జత, పల్చటి ఉన్నివి, మోకాలి దాకా వచ్చేవి. అది వేసుకున్నా తిమ్మిరి వస్తుంటే పైన ఉన్న బకిల్ ఒక గడి వదులు చేసి మళ్లీ చూడండి, అప్పటికీ తగ్గకపోతే బూట్లు పట్టుకుని షాపుకి వెళ్లండి, ఈ వారంలోనే.